ఆరు దాటితే దొరకని కవచం

ఒక ఆన్‌లైన్ గేమ్‌లో ఎవరి బలమూ మితిమీరకుండా తూకం చూసే ఇంజనీరు ఆఫీసు లిఫ్టులో చచ్చిపడి ఉన్నాడు. అందరూ గుండెపోటన్నారు. చెవి వెనక సూది గుర్తు చూశాక ఏజెంట్ నత్త ఆ మాట నమ్మలేదు.

నడక నిదానమని డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పెట్టారు. బుర్ర మాత్రం నిదానం కాదు.

చీఫ్ తలుపు గడియపెట్టి విషయం చెప్పాడు. లక్షలమంది ఆడే ఆ ఆన్‌లైన్ గేమ్‌లో వారం రోజుల ఈవెంట్ నడుస్తోంది. గెలిచినవాళ్ళకు చంద్రకవచం ఇస్తారు. అది తొడుక్కున్నవాణ్ణి ఓడించడం ఎవరి తరమూ కాదు. ఆ సాయంత్రం ఆరు దాటితే ఇక ఎప్పటికీ దొరకదు. ఒక విదేశీ ముఠా వేల దొంగ అకౌంట్లతో ఆడి కవచాలు గుట్టలుగా పోగేసింది. ఆరు కాగానే నిజం డబ్బుకి వాటి వేలం దానంతటదే మొదలవుతుంది, రేటు ఆకాశాన్నంటుతుంది. ఆ సొమ్ము ఏ బ్యాంకు కంటా పడకుండా, ఇక్కడ దాక్కున్న ముఠా మనుషులకు క్షణాల్లో చేరిపోతుంది.

"దేనికి సార్ ఆ సొమ్ము?" అన్నాడు నత్త.

"ఊరికి నీళ్ళిచ్చే రిజర్వాయర్‌లో విషం కలపడానికి. కూలి చేతిలో పడితేనే కదులుతారు."

"గేమ్ ఆపించేస్తే పోలా?"

"కవచాలు వాళ్ళ దగ్గరే ఉంటాయిగా. ఇవాళ కాకపోతే ఇంకో రోజు అమ్ముకుంటారు. దొరకని సరుక్కి గిరాకీ ఎక్కడికి పోతుంది?"

గేమ్ కంపెనీలో ఈవెంట్ల హెడ్ మన మనిషేనని చీఫ్ చెప్పాడు. ముఠాలో చేరినట్టు నటిస్తూ రెండేళ్ళుగా మనకు కబుర్లు అందిస్తోంది. కోడ్ పేరు మెరుపు.

నత్త టెస్టర్ వేషంలో ఆ ఆఫీసులో చేరిపోయాడు. విడుదల కాని గేమ్‌లను ఆడి తప్పులు పట్టడమే టెస్టర్ పని. మెరుపు ఎత్తుమడమల చెప్పుల చప్పుడుతో వచ్చి అతని బల్ల పక్కన ఆగింది. చూపు తిప్పుకోలేనంత అందగత్తె.

"లిఫ్ట్ పనిచేస్తోందాండీ?" అన్నాడతను. అదే కోడ్.

"ఎక్కేవాళ్ళను బట్టి ఉంటుంది," అందామె నవ్వుతూ. జవాబు సరిగ్గానే ఉన్నా, ఇంజనీరు పోయింది లిఫ్టులోనేనని అతనికి గుర్తొచ్చింది.

కవచం వచ్చాక కొత్తగా చేరినవాళ్ళు చావుదెబ్బలు తిని ఆట మానేస్తున్నారని, ఇంజనీరు ఆ దిగులుతోనే పోయాడని ఆమె చెప్పుకొచ్చింది. దీనికి విరుగుడు లేదా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఎందుకైనా మంచిదని నత్త తన ఫోన్ ఆమె చేతికిచ్చి నంబర్ కొట్టమన్నాడు. ఫోన్ మీద ఉల్లిపొర లాంటి ఫిల్మ్ ఉంది. దానిమీద ఆమె వేలిముద్ర పడింది.

తర్వాత, ఇంకా విడుదల కాని మార్పులుండే టెస్ట్ గేమ్ తెరిచాడు. ఆట మొదలయ్యే ఊళ్ళో కమ్మరి కొలిమి ఒకటి కనిపించింది. అసలు గేమ్‌లో అది లేదు. దగ్గరికి వెళ్తే కమ్మరి ఒక్క నాణేనికి చంద్రకవచం చేసిచ్చాడు. అడిగినవాళ్ళందరికీ, అడిగినన్నిసార్లూ.

నత్తకు అర్థమైంది. విరుగుడు ఉంది. ఇంజనీరు దాన్ని తయారుచేసి, తన ఆమోదం కూడా ఇచ్చేసినట్టు తెర మీద ఉంది. అసలు గేమ్‌లోకి ఎక్కించడానికి ఇక కావలసింది ఈవెంట్ల హెడ్ వేలిముద్ర ఒక్కటే. ఆమె కాదన్న తేదీ కూడా అక్కడే ఉంది. అదే రోజు ఇంజనీరు లిఫ్టులో పోయాడు. రెండేళ్ళుగా మెరుపు నటిస్తున్నది ముఠా దగ్గర కాదు, మన దగ్గర.

ఆరుకు ఇంకా నిమిషం కూడా లేదు. కంట్రోల్ రూమ్‌లోకి దూరి ఫిల్మ్ తీస్తుండగా వెనక మడమల చప్పుడు ఆగింది. ఆమె ఉంగరాన్ని అరచేతి వైపు తిప్పుకుంది. దానిలోంచి సన్నటి సూది బయటికొచ్చింది.

"ఇంజనీరు కూడా ఇలాగే మొండికేశాడు," అందామె మెల్లగా.

చేయి మెడ మీదికి వచ్చింది. నత్త బల్ల మీది హెడ్‌ఫోన్ అడ్డుపెట్టాడు. సూది దాని మెత్తలో దిగబడిపోయింది. ఆమె లాక్కునేలోగా అతను రెండో చేత్తో ఫిల్మ్‌ను వేలిముద్ర చదివే రీడర్ మీద అదిమాడు. గడియారంలో ఒక్క సెకను మిగిలి ఉంది.

లక్షల తెరల మీద కొలిమి వెలిగింది. వేలం మొదలైంది గానీ ఒక్కడూ పాట పాడలేదు. ఒక్క నాణేనికి దొరికేదాన్ని ఎవడు కొంటాడు? ముఠా గుట్ట చెత్తకుప్పైపోయింది.

ఆమె ఫోన్ మోగింది. తీయలేదు. మళ్ళీ మోగింది.

"వాళ్ళిక నన్ను బతకనివ్వరు," అంది.

"మా జైలు గోడలు గట్టివే," అన్నాడు నత్త, ఆమె చేతులకు బేడీలు వేస్తూ.

చీఫ్‌కు ఫోన్ చేసి పని పూర్తయిందన్నాడు.

"శభాష్," అన్నాడు చీఫ్ నీరసంగా. "ఆ కవచం కోసం వారం రోజులు కంటిమీద కునుకు లేకుండా ఆడానయ్యా."