ఆరేళ్ల అమ్మాయి, ఇరవై రెండేళ్ల నాయనమ్మ

నేను మొదటిసారి చూసినప్పుడు ప్రేమకుమారికి ఆరేళ్లు. ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని, గుంటూరులో బి.ఏ. చదువుతూ, సెలవులకి నరసరావుపేట వచ్చి, వాకిట్లో నిలబడి జామకాయ కొరుకుతూ ఉంది.

"కొలతలకేనా? రేషను కూపన్ మీద వచ్చిన గుడ్డ మూడు గజాలే ఉంది. నాన్నకి చొక్కా వస్తుందా?" అంది, నా చేతిలో టేపు చూసి.

"నేను దర్జీని కాదండీ. మద్రాసులో యూనివర్సిటీ స్టూడెంటుని. సైకాలజీ."

"మరి టేపెందుకు?"

"మనిషి పుట్టినప్పటినుంచీ ముసలితనం దాకా ఎట్లా పెరుగుతాడో రికార్డు రాయాలి."

"అదంతా టేపుతో కొలుస్తారా?" అని నవ్వింది. ఆ నవ్వు కొలవటానికి నా దగ్గర ఏ సాధనమూ లేదని అప్పుడే తెలిసింది.

అది రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, పంతొమ్మిది వందల నలభై ఆరు. మా ప్రొఫెసరు నాలుగు పేజీల పని ఇచ్చారు: బాల్యం, యవ్వనం, నడివయసు, వృద్ధాప్యం. ఒక్కో పేజీకి ఒక మనిషి. దగ్గర కూర్చుని గమనించి రాయాలి. ప్రతి మనిషి వయసుకీ కాగితం సాక్ష్యం ఉండాలి, నోటిమాట చెల్లదు. రికార్డు లేకపోతే ఆ ఏడు డిగ్రీ లేదు. మాది నకరికల్లు. చిన్నప్పుడు నాకు చదువు చెప్పిన సామ్యేలు మాస్టారి ఇల్లు గుర్తొచ్చి పేటకొచ్చాను. ప్రేమకుమారి ఆయన కూతురు.

"కాగితమా? ఈ ఇంట్లో అందరికీ ఉండాయిరా బాలశౌరీ," అంటూ మాస్టారి తల్లి రాజమ్మగారు రేకుపెట్టె దించింది. అన్నీ బాప్తిస్మం కాగితాలు. ముద్రలతో సహా.

"అమ్మా, వీటి మీద ఉండేది బాప్తిస్మం తేదీ. పుట్టిన తేదీ గాదు," అన్నాను.

"ఆరోజు నీళ్లలోనించి పైకి లేపి అయ్యగారేమన్నాడు? ఇయ్యాళ్టి నించీ నువ్వు కొత్తగా పుట్టావన్నాడు. అయ్యగారు అబద్ధం చెప్తాడా?"

ఆవిడ పంతొమ్మిది వందల ఇరవై నాలుగులో బాప్తిస్మం తీసుకుంది. కాబట్టి ఆవిడకి ఇరవై రెండేళ్లు.

"మరి అంతకుముందు బతికిన ఏళ్లు?"

ఆవిడ పెట్టె మూసి, రుబ్బురోలు ముందు కూర్చుని పొత్రం అందుకుంది. "నలభై ఎనిమిదేళ్లు ఇంకోళ్ల చేలో కూలికి బోయాను. తెల్లారకముందే బోయి, పొద్దుగూకినాక వచ్చేదాన్ని. అయి నా వయసా, కామందు వయసా?"

నేను రాసుకున్నాను. యవ్వనం: రాజమ్మ, ఇరవై రెండు.

మాస్టారు కుర్రతనంలోనే తీసుకున్నారు గనక ముప్పై ఆరు. నడివయసు. ప్రేమకుమారి పదిహేనో ఏట తీసుకుంది. అంటే ఆరు.

"స్కూలు రిజిస్టరు ఉందిగా!" అని ప్రేమకుమారి కాలు నేలకేసి కొట్టింది.

"స్కూల్లో అందరూ జులై ఒకటినే పుట్టారే. మీ నాన్నే రాశాడు," అంది నాయనమ్మ. మాస్టారు గొంతు సవరించుకుని పత్రిక అడ్డం పెట్టుకున్నారు.

వృద్ధాప్యానికి పక్కింటి సైకిలు షాపు జాన్ సాహెబు ఉత్సాహంగా తన ఇంటి దస్తావేజు తెచ్చాడు. అది వాళ్ల తాత రాయించుకున్నది. పేరు తాతది, మనవడిది ఒకటే. అందులో రాసిన వయసు లెక్కన ఆయనకి నూట నాలుగేళ్లు. నూట నాలుగేళ్ల మనిషి రోజుకి పదకొండు పంక్చర్లు వేస్తాడనీ, మూడో పిల్లకి ఊయల కడుతున్నాడనీ నేను శ్రద్ధగా రాశాను.

ఇదంతా తప్పని నాకు తెలియదా? తెలుసు. కానీ కాగితాలు ఉన్నాయి. పైగా బాల్యాన్ని గమనించాలంటే రోజూ ఆ వాకిట్లో రెండు గంటలు కూర్చోవాలి.

వారం తరవాత ప్రేమకుమారి నా నోటుబుక్కు లాక్కుంది.

"'మాట వినదు. చేతిలో జామకాయ ఉంటే ఎవరికీ పెట్టదు. కోపం వస్తే కాళ్లు కొడుతుంది. వాన చినుకు పడితే ఉన్న పని వదిలి వాకిట్లోకి పరుగెత్తుతుంది.' ఏంది ఇది? నా గురించేనా?"

"బాల్యం గురించి."

"మీకు అడగటం రాక గానీ, అడిగితే జామకాయ పెట్టేదాన్ని," అంది. పెన్సిలు తీసుకుని చివర ఒక వాక్యం కలిపి విసురుగా లోపలికి పోయింది. తెరిచి చూశాను.

'చూసేవాళ్లని తనూ చూస్తుంది.'

ఆ సాయంత్రమే ప్రేమకుమారిని నాకిచ్చి పెళ్లి చేయమని మాస్టారిని అడిగేశాను. ఆయన సంతోషంగా కళ్లజోడు తుడుచుకున్నారు. "మీది కతోలిక్కు గుడి, మాది బాప్టిస్టు గుడి. ఆ సంగతి ఫాదరూ పాస్టరూ మాట్లాడుకుంటార్లే. అమ్మని అడుగు."

రాజమ్మగారు నిలువునా లేచింది. "ఆరేళ్ల పిల్లకి పెళ్లా? శారదా చట్టం తెలవదా నీకు? జైల్లో బెడతారు!"

"అమ్మా, ఆమె బి.ఏ.—"

"ఆరని రాసిందెవరు? కింద సంతకం ఎవరిది? అదీగాక, ఇరవై రెండేళ్ల పిల్ల ఇంట్లో ఉండగా ఆరేళ్లదానికి ముందు చేస్తారా ఎక్కడన్నా?"

"అయితే ఆ రికార్డు చింపేస్తాను. ఏడు పోతే పోయింది."

ఆవిడ మొహం చిన్నబోయింది. "చింపుతావా? అంటే నేను అబద్ధమాడానా? పొద్దుగూకులూ కూర్చుని నాచేత చెప్పించుకుని, ఇప్పుడు చింపుతావా? ఫో. నీకు పిల్లనియ్యం."

రికార్డు ఉంటే పిల్ల ఆరేళ్లది. చింపితే నాయనమ్మకి అవమానం. నాలుగేళ్ల సైకాలజీలో ఈ చిక్కు ఎవరూ చెప్పలేదు. వాకిట్లో కూర్చుని తల పట్టుకున్నాను.

"రేపు పొద్దున రండి. తల దువ్వుకుని రండి," అంది ప్రేమకుమారి గుమ్మం వెనక నుంచి.

మర్నాడు నేను వెళ్లేసరికి వాకిట్లో ఏసయ్య తాత కూర్చుని ఉన్నాడు. గుడి గంట కొట్టే ముసలాయన. భార్య పోయి పన్నెండేళ్లయింది. రాజమ్మగారితో పాటు అదేరోజు బాప్తిస్మం తీసుకున్నాడు. ఉతికిన పంచె, నూనె రాసిన మీసాలు, ఒళ్లో అరటిపళ్ల గెల.

"ఏంది ఏసయ్యన్నా, ఇట్టొచ్చావు?" అంది రాజమ్మగారు.

"పిల్లని చూసుకోటానికొచ్చాను," అన్నాడాయన సిగ్గుపడుతూ. "నాకూ కాగితం ప్రకారం ఇరవై రెండేగా. ఈడూజోడూ సరిపోద్దని నీ మనవరాలు కబురు పెట్టింది."

"ఏ పిల్లని?"

"నిన్నే."

మాస్టారి పత్రిక కింద పడింది. గోడ మీద నుంచి జాన్ సాహెబు, నూట నాలుగేళ్ల వయసులో, మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నాడు.

"నీ పెళ్లయితే గానీ నాది కాదన్నావుగా నాయనమ్మా," అంది ప్రేమకుమారి అమాయకంగా. "కాఫీ తీసుకొచ్చి తాతకి ఇయ్యి. తలొంచుకుని నడువు."

"ఒసే! డెబ్బై ఏళ్లదాన్నే! ధాతు సంవత్సరం కరువులో పుట్టినదాన్ని! నాకు పెళ్లిచూపులా?" రాజమ్మగారు చీపురు అందుకుంది. ఏసయ్య తాత గెల వదిలేసి లేచాడు. అప్పుడే ఆవిడకి నవ్వొచ్చింది. చీపురు జారిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"డెబ్బై అన్నావు నాయనమ్మా. అందరూ విన్నారు," అంది ప్రేమకుమారి.

"విననీయే." ఆవిడ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఒరేయ్ బాలశౌరీ, దీన్ని చేసుకో. కానీ నా ఇరవై రెండు కొట్టెయ్యబాకరా."

నేను ఆవిడ ముందే రికార్డు తెరిచి రాశాను. 'వృద్ధాప్యం: రాజమ్మ. వయసు డెబ్బై (సాక్ష్యం: ధాతు కరువు, బాప్తిస్మం కాగితం). అందులో సొంతానివి ఇరవై రెండు.' చదివి వినిపిస్తే మళ్లీ చదవమంది. మూడోసారి చదివాక అరటిపండు వొలిచి నా చేతిలో పెట్టింది.

బాల్యానికి జాన్ సాహెబు పెద్దపిల్ల దొరికింది. మునిసిపాలిటీ కాగితం కూడా ఉంది. మిగిలింది యవ్వనం పేజీ. స్కూలు రిజిస్టరు సాక్ష్యం జతచేసి, ప్రేమకుమారిని ఎదురుగా కూర్చోబెట్టి, వాన కురుస్తుండగా రెండు గంటలు గమనించి రాశాను. రాసింది రికార్డులా లేదని పోస్టు చేశాక గానీ తట్టలేదు.

మా పెళ్లయిన పన్నెండో రోజున రికార్డు తిరిగొచ్చింది. రాజమ్మగారి పేజీ పక్కన ప్రొఫెసరు రెండు నిలువు గీతలు గీసి 'బాగుంది' అని రాశారు. యవ్వనం పేజీ కింద ఎర్రసిరాతో: 'ఎవరు ఎవరిని గమనిస్తున్నారో బోధపడటం లేదు. వీరికి త్వరగా వివాహం చేయవలెను. పాస్.'

ప్రేమకుమారి నా భుజం మీదుగా చదివింది. "ఎన్ని మార్కులండీ?"

"నలభై."

"అందులో నావెన్ని?"

"అన్నీ నీవే."

"మరి మీరెట్లా పాసయ్యారు?" అంది. బయట చినుకు పడింది. జవాబు కోసం ఆగకుండా వాకిట్లోకి పరుగెత్తింది. డిగ్రీ ఉన్నవాణ్ణి గదా, నేను కాస్త ఆగి, పుస్తకం భద్రంగా మూసిపెట్టి, ఆనక పరుగెత్తాను.