ఎర్రసిరా పడిన త్రిభుజాలు

ఆ రోజుల్లో బొమ్మల టీచరుకు కోపం వస్తే, వరండాలో ఆమె చెప్పుల చప్పుడే ముందు వచ్చేది. ఆ మధ్యాహ్నమూ అలాగే వచ్చింది. లెక్కల మాస్టారు అప్పుడే టిఫిన్ డబ్బా మూత మీద చెయ్యి వేశారు.

"మాస్టారూ, ఇవి దిద్దింది మీరేనా?"

ఏడో తరగతి పిల్లల కాగితాలు ఆయన ముందు పడ్డాయి. నిండా త్రిభుజాలు, వృత్తాలు, ఒకదాని మీదకొకటి ఎక్కిన చతురస్రాలు. వాటి మీద ఎర్రసిరాతో ఆయన చేతిరాత: 'కోణం తప్పు', 'కొలతలేవి?', 'ఈ వృత్తానికి కేంద్రం ఎక్కడ?'

"నా బల్ల మీద ఉంటే... జామెట్రీ హోంవర్కు అనుకున్నానండీ."

"హోంవర్కుకి రంగులేస్తారా?"

"ముచ్చటపడి వేశారేమో అనుకున్నా."

"శనివారం ప్రదర్శనకి పెట్టాల్సిన బొమ్మలండీ ఇవి! వట్టి ఆకారాలతో మనసులో మాట చెప్పమన్నాను పిల్లల్ని. ప్రదర్శన బాగోకపోతే డ్రాయింగ్ పీరియడ్ తీసేసి లెక్కలకిస్తానన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. నా ఉద్యోగమూ దాంతోనే సరి. అదనపు పీరియడ్ అడిగింది మీరే కదా? కావాలనే చేశారా?"

మాస్టారు డబ్బా పక్కకు నెట్టి లేచి నిలబడ్డారు. లైబ్రరీకి దారి ఎడమవైపున్నా, రోజూ కుడివైపు ఆమె క్లాసు ముందు నుంచే వెళ్లే మనిషి ఆయన.

"దేవుడి తోడు, కాదండీ."

"ఆ మాట పిల్లలకి చెప్పండి."

కొత్త కాగితాలు పట్టుకెళ్లి చెప్పారు. తరగతి గొల్లున నవ్వింది. అందరూ గడుగ్గాయి అని పిలిచే ముందు బెంచీ పిల్ల లేచింది.

"మీరూ ఒకటి వేయండి సార్. మేం దిద్దుతాం!"

మోకాళ్లు గుండెకానేలా చివరి బెంచీలో ఇరుక్కుని, మాస్టారు జేబులోంచి స్కేలు తీశారు. టీచరు లాగేసుకుంది.

"గీత వంకర పోతుందండీ!"

"పోనివ్వండి. ఆకుల్ని చేసినవాడు స్కేలు పట్టుకుని చేశాడా?"

దేవుడికి దణ్ణం పెట్టుకోనిదే గడప దాటని మనిషి. అయినా ఇంతకాలం ఈ ప్రశ్న తనకెందుకు తట్టలేదో ఆయనకు అర్థం కాలేదు. కిటికీ బయట వాన మొదలైంది. ఆయన కుంచె నెమ్మదిగా కదిలింది. ఓ మూల నీలం చతురస్రం. మరో మూల పసుప్పచ్చ వృత్తం. మధ్యంతా ఖాళీ.

గడుగ్గాయి తల పక్కకు వాల్చి చూసింది.

"ఈ చతురస్రానికి ఆ వృత్తం దగ్గరికెళ్లాలనుంది సార్. కానీ భయం. అన్నట్టు, ఈ పసుపు ఎక్కడో చూశానే..."

తరగతి మొత్తం టీచరు చీర వైపు తిరిగింది.

"చూసింది చాలు, కూర్చో!" అందామె. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

శనివారానికల్లా పిల్లలు బొమ్మలన్నీ మళ్లీ వేశారు. "ఈ నల్ల త్రిభుజం మా నాన్న కోపం, ఈ చిన్న చుక్క నేను" అని ఒకడు చెబుతుంటే, వాళ్ల నాన్న ఆ బొమ్మ ముందు నుంచి చాలాసేపు కదల్లేదు. హెడ్‌మిస్ట్రెస్ అది చూశారు.

"బాగున్నాయమ్మా. కానీ మాస్టారికి పీరియడ్ చాలడం లేదట, ఏం చేయను?"

"చాలుతుంది మేడమ్" అన్నారు మాస్టారు. "నేనడిగిన మాట వెనక్కి తీసుకుంటున్నా."

అందరూ వెళ్లాక, వరండా మెట్ల మీద వాన చూస్తూ టీచరు అడిగింది. "నా మీద జాలా?"

"జాలైతే ఇన్నాళ్లూ నిద్రపట్టేదండీ. రేపు మా అమ్మని మీ ఇంటికి తీసుకురానా?"

"వచ్చి?"

"అడగాల్సింది అమ్మ అడుగుతుంది. నేను పక్కన కూర్చుంటా."

"అదేం కుదరదు. మీరే అడగాలి. ఇప్పుడే."

ఆయన అడిగారు. ఆమె వాన కింద చెయ్యి చాపి, చూపు తిప్పకుండా, "ఊ" అంది.

పెళ్లయి ఇన్నేళ్లయినా, ఆ సాయంత్రం తను ఇంటికి ఏ దారిన చేరారో మాస్టారికి గుర్తులేదు. ఆ చేతి మీద చినుకులు పడటం మాత్రం, కళ్లు మూసుకుంటే చాలు, ఇప్పటికీ కనిపిస్తుంది.