దింపుడుకల్లం మీద గోడ

"గోడ కట్టినా మీ దారి మీకే ఉంటాది. గేటు పెట్టిస్తా, నాది పూచీ."

రేణిగుంట పక్కన లేఅవుటు వేసిన రోజు దాని ఓనరు పల్లె జనానికి చెప్పిన మాట ఇది. గోడ లేచింది. గేటు రాలేదు. పల్లె నుంచి శ్మశానానికి పోయే బాట లోపలే చిక్కుకుపోయింది. లోపల తారు వీధులు బారులు తీరాయి గానీ ఒక్కటీ ఇంకోదానిలో కలవదు. అన్నీ పోయి గోడకు కొట్టుకుని ఆగిపోతాయి. నగరం పెరగడమంటే ఇదేనట.

మొన్న గంగులమ్మ పోయింది. పసుపు నీళ్లు పోసి సాగనంపారు. సగం దారిలో బండ దగ్గర పాడె దించి, శవం చెవిలో కొడుకు మూడుసార్లు పిలవాలి. పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనని ఆఖరి ఆశ. ఆ దింపుడుకల్లం బండ ఇప్పుడు లేఅవుటులో ఉంది. అందుకని శవాన్ని వ్యానెక్కించి హైవే మీదుగా తిప్పారు. వెనక లారీల హారన్లు.

"ఈడ దించేదానికి లేదప్పా, పోనీ," అన్నాడు కొడుకు మేనమామ తిరుమలయ్య.

కొడుకు మునిశేఖర్ "దారి మా హక్కు" అంటూ శ్మశానం దాకా నినాదాలిచ్చాడు. ఆ అరుపుల్లో అమ్మను పిలవడమే మరిచాడు.

రెండు రోజులకు పొద్దు గూకే వేళ లేఅవుటుకు పోయాడు. వాచ్‌మన్ గిరి నవ్వాడు.

"యాడికబ్బా, ప్లాటు కొనేదానికా?"

"అమ్మను పిలిసేదానికి."

గిరి నవ్వు ఆగింది. "బిరీన వచ్చెయ్. ఆ చివరి వీధిలో ఏ బల్బూ నిలవదు."

చివరి వీధిలో ఇళ్లు లేవు. పాతిన రాళ్లు, కొత్త తారు వాసన... అందులో ఎక్కడో పసుపు వాసన. గోడ మొదట్లో సగం పూడిన బండ. మోకాళ్ల మీద కూర్చుని రాతికి నోరు ఆనించాడు.

"అమ్మా..."

కప్పలు అరుస్తున్నాయి.

"అమ్మా..."

కప్పలు ఆగాయి.

"అమ్మా..."

గోడకు అవతల, శ్మశానం వైపు, అడుగులు. తడి అడుగులు. అటు పోయి... ఇటు వచ్చి... సందు కోసం వెతుకుతున్నట్టు.

"మొన్నే పిలిసింటే లేసుందును గదా, నాయనా... దారి యాడ?"

"ఈడే ఉండానమ్మా," అంటూ గోడను గోళ్లతో రక్కాడు. అడుగులు మెల్లగా దూరమయ్యాయి. హైవే వైపు. చుట్టు తిరిగి వచ్చే దారి అది.

చీకట్లో చాలాసేపు చూశాడు. ఎవరూ రాలేదు. బొగ్గు ముక్కతో గోడ మీద రాసి వెళ్లిపోయాడు.

తెల్లారి గిరి కబురు పెట్టాడు. ఆ రాత కింద, తడి ఆరని పసుపు వేలిముద్ర. గంగులమ్మకు సంతకం రాదు. ఎప్పుడూ వేలిముద్రే వేసేది.

దాని పైన మునిశేఖర్ రాత: "మా అమ్మకు దారి ఇవ్వండి. పెద్దకర్మ లోపల జవాబు చెప్పాలి. పెద్దకర్మ జూన్ పన్నెండున."