మా బావ తప్ప

"మీ లైసెన్సులో సెన్సు లేదండీ!"

గ్రంథాలయం పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అంది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి? మూడు వారాల్లో అతని ప్రోగ్రామును ఆమె తిప్పి పంపడం ఇది నాలుగోసారి. ఈమెయిల్లో పోట్లాడితే చాలడం లేదని ఇవాళ వానలో తడుస్తూ మనిషే వచ్చాడు.

సంగతేమిటంటే, అందరికీ ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాంతోపాటు వచ్చే వేల ప్రోగ్రాముల్లో, అంటే ప్యాకేజీల్లో, ఏది చేరవచ్చో ఏది చేరకూడదో చూసే వాలంటీర్లలో ఈమె ఒకర్తె. ఏది పంపినా తప్పు పట్టి వెనక్కి పంపుతుందని తోటివాళ్ళు పెట్టిన పేరు 'తిరుగుటపా'. ఇతగాణ్ణి స్నేహితులు 'తొందర' అంటారు. కుర్చీలో కూర్చున్నా మోకాలు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

తొందర రాసిన ప్రోగ్రాము తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. వాళ్ళక్క, బావ పనిచేసే బడిలో చూపులేని పిల్లలు దాని కోసమే ఎదురుచూస్తున్నారు. కానీ ఈ సిస్టమ్ ప్యాకేజీల్లో చేరనిదేదీ ఆ బడి కంప్యూటర్లలో పెట్టనివ్వరు. కొత్తవి తీసుకోవడం ఇవాళ సాయంత్రం ఆరింటికి ఆపేస్తారు. దాటిందా, మళ్ళీ రెండేళ్ళు!

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"ఆ ముక్క తీసేస్తానంటున్నాను కదండీ!" అన్నాడు తొందర.

"ఏ ముక్కో ఒకసారి పైకి చదవండి."

తొందర గొంతు తగ్గింది. "ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మా బావ తప్ప."

పక్క బల్లవాళ్ళు కిసుక్కుమన్నారు.

"నిబంధనలో బంధువుని ఇరికించిన మొదటి మనిషి మీరే. ఏ మనిషినీ మినహాయించకూడదని మా నియమం. ఇంతకీ ఆయనేం చేశారు పాపం?"

"నా ప్రోగ్రాము చదువుతుంటే జలుబు చేసినవాడు తుమ్మినట్టుందన్నాడు. పదిమందిలో! ఆ కోపంలో రాశాను. మూడేళ్ళయింది, మాటల్లేవు."

"ఆ లైసెన్సు కిందే 'మిణుగురు' అనే ఆయనెవరో నలభై లైన్ల కోడ్ ఇచ్చారు. ఆయన ఒప్పుకోకుండా మీరొక్కరే మార్చలేరు."

"తొమ్మిది ఈమెయిళ్ళు రాశానండీ, ఉలుకూ పలుకూ లేదు. పోనీ, ఆ నలభై లైన్లూ పీకేస్తా!"

"పీకితే మళ్ళీ తుమ్ముతుంది." ఆమె మొదటిసారి తలెత్తింది. "మీ ప్రోగ్రామే రోజూ పొద్దున నాకు పేపరు చదివి పెడుతుంది. దాన్ని ఆపాలని నాకేం సరదానా? కూర్చోండి. ఆ మోకాలు కాస్త ఆపండి, బల్ల ఊగుతోంది."

కూర్చున్నాడు. ఆ చూపు తగిలాక మోకాలితోపాటు ఇంకేదో కూడా ఊగుతున్నట్టనిపించింది. అది బల్ల కాదని మాత్రం తెలుసు.

ఇద్దరూ ఆ నలభై లైన్లూ తెరిచారు. చదివేటప్పుడు కామా దగ్గర ఎంతసేపు ఆగాలో, వాక్యం చివర ఎంతసేపు ఆగాలో రాసిన కోడ్. పక్కనే చిన్న వివరణ. ఆమె పైకి చదివింది.

"ఇక్కడ కాస్త ఊపిరి తీసుకోనివ్వవయ్యా మహానుభావా."

తొందర ముఖం తెల్లబోయింది.

"ఏమైందండీ?"

"భోజనాల దగ్గర నేను గబగబా మాట్లాడుతుంటే అచ్చం ఇలాగే అనేవాడు."

"ఎవరు?"

"మా బావ."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు మాత్రం వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. "ఎవర్ని తప్పించారో ఆయన ఒప్పుకుంటే తప్ప మీకు దారి లేదన్నమాట! ఫోన్ చెయ్యండి."

"మూడేళ్ళ తర్వాతా? ఏమని?"

"బావా అని. ఐదైంది."

తొందర లేచాడు, కూర్చున్నాడు, కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు. బయట వాన కూడా వీడిలాగే కురుస్తూ ఆగుతూ తేల్చుకోలేకపోతోంది. చివరికి నంబరు నొక్కాడు.

"బావా, ఆ మిణుగురువి నువ్వేనా?"

అవతల కాసేపు నిశ్శబ్దం. కామాకి ఎక్కువ, ఫుల్‌స్టాపుకి తక్కువ.

"నేనేరా. పిల్లలకి వినిపిద్దామని మా ఇంట్లో ఒక్కసారి నడిపి చూశాను. ఊపిరాడనట్టు చదువుతోంది. సరిచేసి పంపాను. నువ్వు నన్ను వద్దని రాశావు కదా, మళ్ళీ ముట్టుకోలేదు."

"మరి నా ఈమెయిళ్ళకి జవాబివ్వలేదేం?"

"తొమ్మిదీ మిణుగురుకి రాశావు. బావకి ఒక్కటీ రాయలేదుగా."

"తప్పయింది బావా. ఆ మాట రాయకుండా ఉండాల్సింది."

"నేనూ పదిమందిలో అనకుండా ఉండాల్సిందిలే. ఒప్పుకుంటున్నానని ఇప్పుడే రాసి పంపిస్తా. ఇంతకీ పక్కన ఆడగొంతు నవ్వు వినిపిస్తోంది, నీ చేత ఫోన్ చేయించిన ఆ మహాతల్లి ఎవర్రా?"

"నా కోడ్ తిప్పి పంపే ఆవిడ."

"కోడుకే పనికొస్తుందా, మీ అమ్మకి కోడలిగా కూడానా?"

తొందర గబుక్కున ఫోన్ చెవికి అదుముకున్నాడు. ఆలస్యమైపోయింది. ఎదుటి చెంపలు ఎర్రబడ్డాయి.

ఐదూ నలభై ఎనిమిదికి బావ ఈమెయిలు వచ్చింది. ఆమె రెండుసార్లు చదివింది, లైసెన్సులోంచి మూడు మాటలు తీయించింది, మూడోసారి చదివింది. ఈలోగా తొందర బల్ల చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశాడో లెక్కలేదు. ఐదూ యాభై ఏడుకి మీట నొక్కింది.

"చేరింది."

కుర్రాడు కుర్చీలో కూలబడ్డాడు. మోకాలు ఆగింది. గుండె అందుకుంది.

"ఇంకొక్కటుందండీ చేర్చాల్సింది," అన్నాడు.

"ఏమిటది?"

"ఎప్పుడూ నిలకడ ఉండదు, లోపాలు చాలా ఉన్నాయి. కానీ దీని లైసెన్సు అందరికీ కాదు. మీ ఒక్కరికే."

ఆమె కంప్యూటర్ మూసింది, గొడుగు తీసింది, తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగింది.

"ఒక్కరికే అంటే మా ప్యాకేజీల్లో చేరదండీ. నియమం నియమమే."

తొందర ముఖం వాడిపోయింది.

"మా ఇంట్లో చేరుతుందేమో అమ్మని అడగాలి. రండి, వాన పెద్దదవుతోంది. నెమ్మదిగా నడవండి మరి," అని గొడుగు విప్పింది.

జీవితంలో మొదటిసారి తొందరకి తొందర లేదు.