వేడి నూనెకు దారి

ఆ ఉదయం కూడా ఇంట్లో మాటలన్నీ తల్లి మీదుగానే నడిచాయి.

"బకెట్ ఎవరు తీశారో కనుక్కో," అన్నాడు తండ్రి.

"నూనె వంపుకోడానికి నేనే తీశానని నాన్నకి చెప్పమ్మా."

"నేనేమన్నా టెలిఫోన్ తీగనా? ఇద్దరికీ నోళ్లున్నాయిగా!" అంది తల్లి.

తండ్రి విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేళ్లు ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసి రిటైరైన మెకానిక్. అదే శాఖలో వచ్చిన ఉద్యోగాన్ని కూతురు రెండో ఏడే వదిలేసి, మేడ మీది గదిలో యానిమేషన్ సినిమా చేస్తూ కూర్చుంది. "కదిలే బొమ్మలు కూడు పెడతాయా?" అన్నదే ఆయన ఆమెతో అన్న ఆఖరి మాట. అది జరిగి ఎనిమిది నెలలైంది.

సాయంత్రం ఐదులోగా రెండు నిమిషాల సినిమా పంపితే ఒక కంపెనీ మొత్తం కథను చేయిస్తానంది. కానీ రేకుల కప్పు కింద కంప్యూటర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోంది. చివరికి ఆమె హార్డ్‌డిస్క్‌ను బయటపెట్టి, మిగిలిన యంత్రాన్ని పాత చేపల తొట్టెలో, కరెంటు పారని మినరల్ ఆయిల్‌లో ముంచేసింది. రెండు గంటలు చక్కగా నడిచింది.

పదకొండింటికి తల్లి కేక పెట్టింది. "ఏమండీ! పిల్ల కంప్యూటర్ని నూనెలో ముంచేసిందండీ!"

ఆయన మెట్లెక్కి వచ్చాడు. తెర మీద వేడి అంకె ఎర్రగా తొంభై రెండు చూపిస్తోంది. ఆయన నూనెలో వేలు పెట్టి చటుక్కున తీశాడు.

"ఈ వేడి బయటికి పోయే దారేదో మీ అమ్మాయినడుగు."

"నన్నే అడగొచ్చుగా నాన్నా!" కూతురు కుర్చీలోంచి లేచింది. "తిట్టడానికైనా నాతో మాట్లాడు. ఎనిమిది నెలలు! ఐదింటికి ఇది పూర్తవకపోతే నీ మాటే నిజమవుతుంది. అదేనా నీకు కావాల్సింది?"

ఆయన తొట్టె మీదికి వంగి నూనెను చూశాడు.

"నూనె వేడిని మింగదే పిచ్చితల్లీ, మోస్తుంది. మోసిన బరువు ఎక్కడో దించాలిగా? యంత్రం ఆపు. నాకో గంట ఇవ్వు."

"హమ్మయ్య, నా ఉద్యోగం ఊడింది!" అంది గుమ్మంలో తల్లి.

ఆయన షెడ్డులోంచి పాత కారు రేడియేటర్, కూలర్‌లో నీళ్లు తోడే మోటారు, గొట్టాలు తెచ్చాడు. రేడియేటర్ కడిగి ఎండలో ఆరబెట్టాడు. "నీటి చుక్క మిగిలితే నూనె పాడైనట్టే." పైనుంచి వేడి నూనె లాగి, రేడియేటర్‌లో తిప్పి, చల్లబడ్డదాన్ని అడుగున వదిలేలా గొట్టాలు బిగించాడు. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాడు.

యంత్రం మళ్లీ మొదలైంది. అంకె డెబ్బై దగ్గర కాసేపు తటపటాయించి, అరవై ఒకటికి దిగి అక్కడే నిలబడింది.

"నిలబడింది నాన్నా!"

"నిలబడక చస్తుందా!"

మధ్యాహ్నమంతా ఇద్దరూ తెర ముందే కూర్చున్నారు. బొమ్మలో పాప జుట్టు గాలికి ఎగిరింది. "ఒక్కో వెంట్రుకా నువ్వే కదిలించావా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు.

నాలుగూ నలభైకి సినిమా వెళ్లింది. ఐదున్నరకు కంపెనీ నుంచి ఫోన్ మోగింది.

"అద్భుతం! కథంతా మీరే చేయండి. ఇదంతా ఒక్కరే చేశారా?"

"లేదండీ. మా చీఫ్ ఇంజనీర్ కూడా ఉన్నారు. ప్రస్తుతం గొట్టం బిగిస్తున్నారు."

ఆయన మోచేతుల దాకా నూనె. కళ్లు తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. కూతురు ఫోన్ పక్కన పెట్టి, ఆయన భుజం మీది తువ్వాలు తీసి, తనే తుడిచింది.