తలుపులమ్మ దాచిన తిమ్మిరి

పొద్దున్న ఏడు కాకుండానే కొవ్వూరు చేపల బజారులో తలుపులమ్మ కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. అండాశయం కేన్సరని తేలాక నాలుగు కీమోలు అయ్యాయి, ఇంకా రెండున్నాయి. మనిషి సగమైంది గానీ నోరు మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

పాత ఖాతాదారు సంపూర్ణమ్మగారు వచ్చి సంచీ ముందు పెట్టారు. "నిన్న నువ్విచ్చిన బొచ్చె చేప మెత్తబడిపోయిందమ్మా. ఇరవై ఏళ్ళలో ఇదే మొదలు."

తలుపులమ్మ మొహం పాలిపోయింది. బొటనవేలితో పొట్ట నొక్కి చేప తాజాదో కాదో చెప్పడంలో ఆ బజారులో ఎవరైనా ఆవిడ తర్వాతే. సంచీలోంచి బొచ్చె తీసి నొక్కింది, మళ్ళీ నొక్కింది. ఏమీ తెలియలేదు. చేప మీద ఎర్రగా మరకలు పడ్డాయి. పక్కన పొలుసు తీస్తున్న కూతురు ఉషారాణి తల్లి చెయ్యి లాక్కుని చూసింది. కత్తిపీటకి వేలు తెగి నెత్తురు కారుతోంది. ఆవిడకి ఆ సంగతే తెలియదు.

సంపూర్ణమ్మగారికి వేరే చేప ఇచ్చి, ఇద్దరూ ఇంటికొచ్చారు. గుమ్మం దాటగానే ఉషారాణి అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"రెండో కీమో నుంచి. అరికాళ్ళు కూడా మొద్దుబారినియ్."

"చేతులూ కాళ్ళూ ఎలా ఉన్నాయని డాక్టరుగారు ప్రతిసారీ అడుగుతుంటే బాగానే ఉన్నాయండి అంటావేంటి?"

"చెప్తే మందాపేత్తారు. రక్తపరీక్షలో ఆరొందలున్న కేన్సరు నెంబరు నలభైకి దిగింది. కడుపులో నీరు పోయింది, అన్నం సయిత్తంది. ఆ మందు నన్ను బతికిత్తంటే, వేళ్ళ కోసం వదులుకోమంటావా?"

ఇంట్లో వల బాగుచేసుకుంటున్న భర్త పల్లంరాజు దాన్ని పక్కన పడేసి లేచాడు. "ఇక బజారు మానెయ్. ఇంట్లో పడుండు."

"ఆఁ, మూలన కూర్చోబెట్టి, చూడ్డానికొచ్చినోళ్ళకి చూపించు. నేను రోగిని గానీ శవాన్ని కాదు."

"రేపు కాలు తెలియక పడి తల పగిలితే, ఆ నెంబరు పెట్టుకుని మేమేం చేసుకోవాలమ్మా?" అంది ఉషారాణి. "డాక్టరుగారికి నేనే చెప్తాను."

"ఒళ్ళు నాది. నేనే చెప్తాను."

మర్నాడు రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరు విశ్వనాథ్ చేతులూ కాళ్ళ సంగతి అడగనే అడిగారు. అలవాటైన అబద్ధం నాలిక దాకా వచ్చింది. దాన్ని మింగింది.

"తిమ్మిరండి. జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోతన్నాను. అయినా మందు ఆపనివ్వనండి."

"ఆపమని ఎవరన్నారమ్మా? నరాల్ని దెబ్బతీసేది అందులో ఒక మందే. దాని మోతాదు తగ్గిస్తాను, లేదా మారుస్తాను. వైద్యం నడుస్తూనే ఉంటుంది. ముందే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. తిమ్మిరి నెమ్మదిగా తగ్గొచ్చు, కొంత ఉండిపోనూవచ్చు."

ఒక్క మాట అడిగుంటే పోయేదానికి ఇన్ని వారాలు భయపడి వేళ్ళు పోగొట్టుకున్నానే అనుకుంది తలుపులమ్మ. ఏడుపు ఆగలేదు. బయటికొచ్చాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"మీ నాన్నకి చెప్పు, బజారు మానను. కత్తి నువ్వు పట్టు, బేరం నేనాడతాను."

"సరేలే అమ్మా" అని ఉషారాణి తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. ఆ చెయ్యి తగిలినట్టే తెలియలేదు తలుపులమ్మకి. అయినా వదలమనలేదు.