సిరిసిల్ల తానుల మీద గ్రీకు రాత

"చూడు గోవర్ధన్. ఫారిన్ కోడ్." కోరుట్ల శివారు పోలీసు క్యాంపులో డీఎస్పీ రాజం సిరిసిల్ల లారీలో పట్టిన తాను నుంచి కోసిన గుడ్డముక్కను బల్లమీద పరిచాడు. "పైరో, క్రోనో, టెలి. డిక్షనరీ తీసినం. నిప్పు, కాలం, దూరం. టైంబాంబు గాక ఇంకేంది?"

1987. అడవిలో అన్నలు, రోడ్డుమీద పోలీసులు, నడుమ నలిగేది మామూలు జనం. ఇది చాలదన్నట్టు ఓ విదేశీ ముఠా జగిత్యాల బజారుకు బాంబు పంపుతోందని కబురు. దాన్ని పట్టడానికే ఏజెంట్ గోవర్ధన్ ఆరునెలలుగా సిరిసిల్లలో ఇంగ్లీషు ట్యూషన్ సారు వేషం కట్టాడు.

గోవర్ధన్ గుడ్డముక్కను దగ్గరికి లాక్కుని చూశాడు.

"సార్, గివి ఇంగ్లీషు మాటలకు గ్రీకు మూలాలు. నేను చెప్పిన పాఠమే. ఒక్క టెలి నేర్చుకుంటే టెలిఫోన్, టెలిగ్రాం, టెలిస్కోపు అన్నీ తెలుస్తయి."

"మరి బట్ట మీదెందుకున్నయ్?"

"బట్ట తాను కొసకు నేసినోళ్ల గుర్తు ఇంకుతో వేస్తరు. మగ్గం నేసే సాంబయ్య తానులకు ఆయన బిడ్డ నీల వేస్తది. నా దగ్గర చదువుతది. గుర్తు పక్కన పాఠం గూడ రాసుకున్నది."

"శాంత మేడం గిదే కోడ్ అన్నదయ్యా."

శాంత నల్లకళ్లద్దాల సుందరి, డబుల్ ఏజెంట్. అసలు ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"పట్టుకొచ్చిన ఆ సాంబయ్యను నాలుగింటికి కథలాపూర్ అడవికి తోల్కపోతున్నం. ఆయుధాలు దాచిన జాగ చూపెడ్తడు," అన్నాడు రాజం.

అలా చూపెట్టడానికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. టైం మూడూ యాభై ఐదు. అసలు బాంబు దొరికితేనే సాంబయ్య బతికేది.

"లారీల పట్టిన తానులేవి సార్?"

"ఎన్క రూముల."

గోవర్ధన్ పరుగెత్తాడు. ఒక్కో తాను కొస తిప్పి చూశాడు. ముక్క కోసిన తాను పోను అన్నిటికీ గుర్తుంది, ఒక్కదానికి తప్ప. గుర్తు లేని తాను సిరిసిల్లలో ఏ మగ్గాల షెడ్డూ దాటదు. విప్పితే లోపల గడియారం, రెండు తీగలు. ఇంకా అరనిమిషం. అతని పెన్నులో కెమెరా ఉంది, బూటులో వైర్‌లెస్ ఉంది, కత్తెర మాత్రం లేదు. తీగను పళ్లతో కొరికేశాడు. గడియారం ఆగింది.

శాంత కోసం చూస్తే, క్యాంపు నుంచి అప్పటికే మాయమైంది.

"ఇప్పుడన్న సాంబయ్యను విడువుండ్రి సార్. ఆయనకేం తెల్వది."

రాజం చెమట తుడుచుకున్నాడు. "నా చేతుల లేదు తమ్మీ. కోడ్ దొరికిందని ఢిల్లీకి మెసేజ్ పోయింది. ఆయన ఒప్పుకున్నడు గూడ."

"ఎట్ల ఒప్పుకున్నడు?"

"ఒప్పుకోకుంటే బిడ్డను తీసుకొస్తమన్నం. గంతే."

బయట సాంబయ్యను ఎక్కించిన జీపు స్టార్టయింది. గోవర్ధన్ వాకిట్లోకి వచ్చేసరికి అది గేటు దాటింది. ఆరునెలల వేషం, రెండు రివాల్వర్లు, ఏవీ అక్కరకు రాలేదు.

రాజం కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. "ఈ గ్రీకు రాతలన్నీ నా స్వహస్తాలతో రాసినవే" అని టైపు చేసి ఉంది. కింద సాంబయ్య వేలిముద్ర.